బోర్డు బాగానే ఉంది, తీగె సంగతేమిటి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలను ఈ నెల ఒకచోట చేర్చాను. రాస్ప్‌బెర్రీ పై, పికో, ఆర్డుయినో, ఈఎస్‌పి32 వంటి చిన్న బోర్డులతో ఇంట్లోనో బడిలోనో ఏదో ఒకటి తయారుచేయబోయి మధ్యలో ఆగిపోయినవారు రాసినవే ఇవన్నీ. వరుసగా చదువుతూ పోతే, దాదాపు ప్రతి ఉత్తరంలోనూ అనుమానం బోర్డు మీదనో ప్రోగ్రాం మీదనో ఉంది. చిక్కు మాత్రం బోర్డుకు బయట, దానికి కరెంటు తెచ్చే తీగెలోనో, కబురు తెచ్చే సెన్సర్‌లోనో ఉంది. కొన్ని ఉత్తరాలు పొడవుగా ఉన్నందున కుదించి వేస్తున్నాను.

ప్రశ్న: నేను పాలిటెక్నిక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. సొంతంగా ప్రాజెక్టులు చేసుకోవడానికి ఒక బోర్డు కొనుక్కోవాలని ఉంది. సీనియర్లు రాస్ప్‌బెర్రీ పై కొనమంటున్నారు, మా అన్నయ్య ఆర్డుయినో చాలంటున్నాడు. నేను ఒక్కటే కొనగలను. ఏది కొనమంటారు?
– ఒక విద్యార్థిని, దేవరకొండ

జవాబు: మీ సీనియర్లు, మీ అన్నయ్య మాట్లాడుతున్నవి రెండు వేర్వేరు జాతుల వస్తువులు. రాస్ప్‌బెర్రీ పై పూర్తి కంప్యూటరు. దానికి తెర, కీబోర్డు తగిలించి లైనక్స్ నడపవచ్చు, పైథాన్ భాషలో ప్రోగ్రాంలు రాయవచ్చు, కెమెరా పెట్టి బొమ్మలను గుర్తించే పని చేయించవచ్చు. బడిపిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి చవకైన కంప్యూటరు కావాలన్న ఆలోచనతో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో దీన్ని రూపొందించి, 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి పెట్టారు. ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో పుట్టింది. ఆర్డుయినో ఊనో బోర్డులోని చిప్‌కు 2 కిలోబైట్ల ర్యామ్ మాత్రమే ఉంటుంది, అది ఒక్క ప్రోగ్రాంను మాత్రమే పదేపదే నడుపుతుంది. అంత చిన్నదైనా, కరెంటు ఇచ్చిన ఒకటి రెండు సెకన్లలో పనిలోకి దిగుతుంది, కరెంటు పీకేస్తే ఏమీ చెడదు, వోల్టేజీని నేరుగా కొలిచే అనలాగ్ పిన్నులూ దానికి ఉన్నాయి. రాస్ప్‌బెర్రీ పైకి ఆ అనలాగ్ పిన్నులు లేవు. మట్టిలో తేమనో వెలుతురునో కొలిచే మామూలు అనలాగ్ సెన్సర్‌ను దానికి తగిలించాలంటే ఎంసీపీ3008 లాంటి మరో చిప్‌ను మధ్యలో పెట్టాలి. కొన్న తరువాత ఈ సంగతి తెలిసి నిరాశపడినవారు చాలామంది ఉన్నారు.

మీ ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే ముందుగా పికో డబ్ల్యూను గానీ ఈఎస్‌పి32ను గానీ కొనండని నా సలహా. రెండింటికీ వైఫై ఉంది, అనలాగ్ పిన్నులు ఉన్నాయి, చిన్న బోర్డుల కోసం కుదించిన పైథాన్, అంటే మైక్రోపైథాన్, రెండింటిలోనూ నడుస్తుంది, పొరపాటున కాల్చేసుకున్నా పెద్ద నష్టం కాదు. మొదటి ఏడాదిలో ఎవరైనా ఒక బోర్డునైనా కాల్చకుండా ఉండరు. ఇంట్లో కంప్యూటరే లేకపోతే మాత్రం మీ సీనియర్ల మాట వినండి, రాస్ప్‌బెర్రీ పై మీకు కంప్యూటరుగానూ ప్రయోగశాలగానూ పనికొస్తుంది. ఏది కొన్నా దానితోపాటు ఒక డిజిటల్ మల్టీమీటర్ తప్పక కొనండి. బోర్డుకన్నా అదే మీకు ఎక్కువ పాఠాలు చెబుతుంది. హైదరాబాదు వెళ్లే పని పడినప్పుడు కోఠిలోని గుజరాతీ గల్లీలో తిరిగితే రెసిస్టర్లు, జంపర్ వైర్లు, బ్రెడ్‌బోర్డు వంటివన్నీ విడివిడిగా దొరుకుతాయి, పెద్ద కిట్టు కొనే అవసరం ఉండదు.

ప్రశ్న: మా డాబా మీద వెయ్యి లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉంది. దాని మూతకు హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ బిగించి, రాస్ప్‌బెర్రీ పై 3కి కలిపి నీటిమట్టం చూస్తున్నాను. పొద్దున సరిగ్గానే చూపిస్తుంది, మధ్యాహ్నం ఉన్నదానికన్నా నాలుగైదు సెంటీమీటర్లు ఎక్కువ నీళ్లున్నట్టు చూపిస్తుంది. పదిహేను రోజులకు ఆ పిన్ను పనిచేయడమే మానేసింది, వేరే పిన్నుకు మార్చాను. ఇప్పుడు పది ఆంపియర్ల రిలే పెట్టి ఒక హెచ్‌పీ మోటారును దానంతట అదే ఆన్, ఆఫ్ అయ్యేలా చేయాలనుకుంటున్నాను. అది బాగా నడిస్తే బత్తాయి తోటలోని బోరుకు కూడా పెడతాను. సలహా చెప్పగలరు.
– ఒక రైతు, చండూరు

జవాబు: మీ ఉత్తరంలో నాలుగు సంగతులున్నాయి, అందులో ఒకటి ప్రాణానికి సంబంధించినది, కాబట్టి కొంచెం విడమరచి రాస్తాను.

ముందు చనిపోయిన పిన్ను సంగతి. ఆ సెన్సర్ 5 వోల్టులతో పనిచేస్తుంది, నీటిని తాకి వచ్చిన ప్రతిధ్వని కబురును ఎకో పిన్ను మీద 5 వోల్టులుగానే పంపుతుంది. రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులకు మించి ఓర్చుకోలేవు. వెంటనే కాలిపోకుండా పదిహేను రోజులు నడిచింది గనుక మీకు అనుమానం రాలేదు. నేనూ మొదట్లో ఒక బోర్డును ఇలాగే పోగొట్టుకున్నాను, అది నెల రోజులు నడిచి మరీ పోయింది. ఎకో పిన్ను నుంచి బోర్డు పిన్నుకు వెళ్లే దారిలో ఒక 1 కిలో ఓమ్ రెసిస్టరు పెట్టి, బోర్డు పిన్ను నుంచి గ్రౌండుకు 2 కిలో ఓమ్‌ల రెసిస్టరు కలపండి. అప్పుడు 5 వోల్టులలో మూడింట రెండు వంతులు, అంటే 3.3 వోల్టులు మాత్రమే బోర్డుకు చేరతాయి. 2 కిలో ఓమ్‌ల రెసిస్టరు దొరకకపోతే 1 కిలో ఓమ్‌వి రెండు వరుసగా కలిపితే సరిపోతుంది. మార్చిన పిన్నుకు కూడా ఇవి లేకపోతే అదీ అదే దారి పడుతుంది.

ఇక మధ్యాహ్నపు తేడా సెన్సర్ తప్పు కాదు, ఎండది. ధ్వని వెళ్లి వచ్చిన సమయాన్ని బట్టి మీ ప్రోగ్రాం దూరం లెక్కగడుతోంది. అందులో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు అని రాసి ఉంటుంది. ఆ అంకె 20 డిగ్రీల వేడిమికి సరిపోయేది. గాలి వేడెక్కే కొద్దీ ప్రతి డిగ్రీకి ధ్వని వేగం సెకనుకు సుమారు 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం నల్ల ట్యాంకు లోపలి గాలి 50 డిగ్రీలకు చేరితే వేగం 361 మీటర్లు అవుతుంది. ధ్వని త్వరగా తిరిగి వచ్చేసరికి నీళ్లు దగ్గరగా ఉన్నాయని ప్రోగ్రాం అనుకుంటుంది. మూత నుంచి నీటికి నిజంగా 100 సెంటీమీటర్లు ఉంటే 95 అని చూపుతుంది, మీరు చెప్పిన తేడా సరిగ్గా ఇదే. ఒక మీటరు వ్యాసమున్న ట్యాంకులో 5 సెంటీమీటర్లంటే దాదాపు 40 లీటర్లు. డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్‌ను ట్యాంకు లోపలి గాలిలో వేలాడదీసి, అది చూపిన డిగ్రీలను 0.606తో గుణించి 331.3 కలిపితే ఆ క్షణానికి ధ్వని వేగం వస్తుంది. 343 స్థానంలో దాన్ని వాడండి. డేటా తీగెకూ 3.3 వోల్టులకూ మధ్య 4.7 కిలో ఓమ్ రెసిస్టరు పెట్టడం మరవవద్దు. అదే పనిగా ఒక్క కొలతను నమ్మకుండా, ఐదు కొలతలు తీసుకుని వాటిలో మధ్యదాన్ని ఉంచుకుంటే, నీళ్లు పడే పైపు వల్ల వచ్చే తప్పుడు ప్రతిధ్వనులు చాలావరకు వడకట్టుకుపోతాయి. ఈ సెన్సర్ కళ్లు రెండూ తెరిచి ఉంటాయి కాబట్టి ట్యాంకులోని ఆవిరికి కొన్నాళ్లలో తుప్పు పడతాయి. నీటికి తట్టుకునే ఒంటికన్ను రకం జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ దొరుకుతుంది గానీ, అది 20 సెంటీమీటర్లకన్నా దగ్గరి వస్తువును చూడలేదు. నిండిన మట్టానికి అంత ఎత్తున బిగించగలిగితేనే దాన్ని తీసుకోండి.

ఇప్పుడు మోటారు సంగతి. రిలే అంటే బోర్డు ఇచ్చే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు. దాని మీద రాసిన 10 ఆంపియర్లు బల్బు, హీటరు వంటి లోడుకు చెప్పినవి. మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. అప్పుడు రిలే లోపలి కాంటాక్టులు నిప్పురవ్వలకు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అతుక్కున్నాక బోర్డు ఆఫ్ అన్నా మోటారు ఆగదు, ట్యాంకు పొర్లి డాబా నిండుతుంది. మోటారు కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్చును కాంటాక్టర్ అంటారు. చిన్న రిలే ఎప్పుడూ కాంటాక్టర్ కాయిల్‌నే నడపాలి, కాంటాక్టర్ మోటారును నడపాలి, మధ్యలో మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ఉండాలి. ఇది ఎలక్ట్రీషియన్ చేయవలసిన పని. 230 వోల్టుల తీగెలను మీరు జంపర్ వైర్లతో ముట్టుకోవద్దు, ఆ తీగెలూ బోర్డూ ఒకే పెట్టెలో ఉండనే వద్దు.

అంతకన్నా ముఖ్యంగా, ట్యాంకులో ఒక మామూలు ఫ్లోట్ స్విచ్చు (నీటి మీద తేలుతూ, ట్యాంకు నిండగానే తెగేది) వేయించి, దాన్ని కాంటాక్టర్ కాయిల్‌కు సిరీస్‌లో కలపమనండి. ప్రోగ్రాం స్తంభించినా, సెన్సర్ తప్పు చెప్పినా, ఆ స్విచ్చు తెగగానే మోటారు ఆగుతుంది. నిజం చెప్పాలంటే ట్యాంకు నింపే పనికి ఫ్లోట్ స్విచ్చు ఒక్కటే చాలు. బోర్డు మీకు అక్కరకొచ్చేది ఏ రోజు ఎన్ని నీళ్లు వాడారో రాసిపెట్టుకోవడానికి. బజారులో దొరికే రిలే బోర్డులు చాలావాటిలో పిన్ను మీద వోల్టేజీ పోతే రిలే ఆన్ అవుతుంది. రాస్ప్‌బెర్రీ పై ఇంకా లేస్తూ ఉన్న అరనిమిషంలో పిన్నులు ఎటూ కాకుండా ఉంటాయి గనుక, కరెంటు రాగానే రిలే ఒకసారి టక్కుమనవచ్చు. ఆ క్షణంలో మోటారు దగ్గర మనిషి చేయి ఉండవచ్చు. పెట్టి చూసేటప్పుడు ముందు మోటారు బదులు ఒక బల్బు తగిలించి, పదిసార్లు కరెంటు తీసి వేసి చూడండి.

తోటలోని బోరు త్రీ ఫేజు మోటారు అయితే దాన్ని ఆన్ చేసే పని బోర్డుకు అప్పగించవద్దు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్ల వల్ల మోటార్లు అవసరం లేకపోయినా నడిచి భూగర్భజలం అడుగంటుతుందని, వాటిని తీసేయాలని రైతులను కోరిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మీరు చేయబోయేది అదే ఆటో స్టార్టరు, కాకపోతే కొంచెం తెలివైనది. బోర్డును ఆపే పనికి వాడుకోండి. ఒక ఫేజు తీగె చుట్టూ బిగించే క్లాంప్ రకం కరెంటు సెన్సర్ దొరుకుతుంది, దానికి తీగె కోయవలసిన పని లేదు. బోరులో నీళ్లు తగ్గి మోటారు ఉత్తగా తిరిగేటప్పుడు అది లాగే కరెంటు స్పష్టంగా పడిపోతుంది. అప్పుడు స్టార్టరును ఆపేసి మీ ఫోనుకు కబురు పంపితే వైండింగ్ ఖర్చు తప్పుతుంది.

ప్రశ్న: నేను ఉన్నత పాఠశాలలో భౌతికరసాయన శాస్త్రం బోధిస్తాను. జిల్లా సైన్సు ప్రదర్శనకు మా పిల్లలు ఆర్డుయినోకు టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాల) సెన్సర్ తగిలించి ‘ఫ్లోరైడు మీటరు’ చేద్దామంటున్నారు. మా మండలంలో ఫ్లోరైడు బాధ అందరికీ తెలిసినదే కనుక వాళ్ల ఉత్సాహం నాకు అర్థమవుతుంది. ఇది సాధ్యమేనా?
– ఒక ఉపాధ్యాయుడు, మర్రిగూడ మండలం

జవాబు: టీడీఎస్ సెన్సర్‌తో సాధ్యం కాదు సార్. పైగా దానికి ఆ పేరు పెట్టి ప్రదర్శిస్తే చూసినవారికి ప్రమాదకరమైన ధీమా కలుగుతుంది. ఆ సెన్సర్ రెండు లోహపు ముల్లుల మధ్య నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో మాత్రమే చూస్తుంది, దానికొక గుణకం పెట్టి లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల లవణాలున్నాయని అంచనా చెబుతుంది. ఆ లవణాలలో ఏది ఎంత ఉందో దానికి తెలియదు. ఒక బోరు నీటిలో లీటరుకు 600 మిల్లీగ్రాముల లవణాలున్నాయనుకోండి. అందులో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాము ఉంటే, అది మొత్తంలో నాలుగు వందల్లో ఒక వంతు. ఫ్లోరైడు మొత్తం తీసేసినా మీటరు మీద అంకె మారినట్టు పిల్లలకు తెలియదు. తాగునీటికి మన జాతీయ ప్రమాణం ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చని, వేరే దారి లేనిచోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని చెబుతుంది. మనం పట్టుకోవలసిన తేడా అర మిల్లీగ్రాము.

ఇంకో తిరకాసు ఉంది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే అది ఫ్లోరైడుతో కలిసి కరగని కాల్షియం ఫ్లోరైడుగా విడిపోతుంది. అందువల్ల గ్రానైటు రాళ్ల మధ్య నుంచి వచ్చే నీళ్లలో, కాల్షియం తక్కువై సోడియం, బైకార్బొనేట్లు ఎక్కువైన నీటిలోనే ఫ్లోరైడు ఎక్కువగా నిలిచి ఉంటుంది. గిన్నెకు తెల్లటి పొర కట్టని, పప్పు ఉడికే, నోటికి తియ్యగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువగా ఉండవచ్చు. టీడీఎస్ తక్కువ చూపించిందని ‘ఈ నీళ్లు మంచివి’ అని పిల్లలు చీటీ అంటిస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు.

ఫ్లోరైడును మాత్రమే పసిగట్టే ఎలక్ట్రోడు ఉంది. లాంథనం ఫ్లోరైడు స్ఫటికంతో చేసిన ఆ కడ్డీ ఖరీదైనది. దాన్ని తెచ్చినా ఆర్డుయినో నేరుగా చదవలేదు. నీటిలో ఫ్లోరైడు పది రెట్లు మారితే దాని వోల్టేజీ 59 మిల్లీవోల్టులు మారుతుంది, 1 మిల్లీగ్రాము నుంచి 1.5కు పెరిగితే మారేది 10 మిల్లీవోల్టులే. ఆర్డుయినో ఊనో వోల్టేజీని మెట్లుగా కొలుస్తుంది, ఒక్కో మెట్టు 4.9 మిల్లీవోల్టులు, అంటే ఆ తేడా దానికి రెండు మెట్లు. పైగా ఆ ఎలక్ట్రోడు నుంచి వచ్చే కరెంటు లేశమాత్రం కనుక మధ్యలో ప్రత్యేకమైన ఆంప్లిఫయరు కావాలి.

పిల్లలు చేయగలిగిన దారి రంగుది. జిర్కోనియం, స్పాడ్న్స్ అనే రంగు కలిసిన ఎర్రటి ద్రావణాన్ని నీటిలో కొద్దిగా కలిపితే, నీటిలోని ఫ్లోరైడు జిర్కోనియాన్ని తన వైపు లాగేసుకుంటుంది, రంగు వెలుస్తుంది. ఎంత ఫ్లోరైడు ఉంటే అంత వెలుస్తుంది. ఆ వెలవడాన్ని కంటితో కాక సెన్సర్‌తో కొలవడమే మీ ప్రాజెక్టు. లోపల నల్ల కాగితం అంటించిన అట్టపెట్టెలో ఒక పక్క పసుపుపచ్చ ఎల్‌ఈడీ, ఎదురుగా బీహెచ్1750 వెలుతురు సెన్సర్, మధ్యలో పరీక్షనాళిక పట్టే రంధ్రం ఉంటే చాలు. ఈ పద్ధతిలో చూసేది 570 నానోమీటర్ల దగ్గరి కాంతిని కాబట్టి, అదే రంగు ఎల్‌ఈడీ చూసి కొనండి. ఆ సెన్సర్‌కు కూడా ఆ చుట్టుపక్కల కాంతి మీదే చూపెక్కువ. పెట్టె మూత మూసినప్పుడు బయటి వెలుగు ఒక్క గీత కూడా లోపలికి రాకూడదు, పిల్లలు మొదటి రెండు రోజులూ ఈ లీకులు మూయడంతోనే గడుపుతారు. ఎల్‌ఈడీ వెలిగించిన పది నిమిషాల తరువాతే కొలవడం మొదలుపెట్టండి.

పోలికకు తెలిసిన నీళ్లు కావాలి. ప్రయోగశాల శుద్ధి గల సోడియం ఫ్లోరైడు 221 మిల్లీగ్రాములను ఒక లీటరు స్వేదనజలంలో కరిగిస్తే లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ద్రావణం వస్తుంది, దాని నుంచి 10 మిల్లీలీటర్లు తీసి లీటరుకు నింపితే 1 మిల్లీగ్రాముది. అలాగే 0, 0.5, 1.4 కూడా చేసి, ఒక్కొక్కదానికి సెన్సర్ చూపిన అంకెతో గ్రాఫు గీయించండి. ఊరి నీళ్ల అంకె ఆ గీత మీద ఎక్కడ పడుతుందో అదే మీ జవాబు. 1.4 దాటాక ఈ గీత నమ్మదగినది కాదు. మీ మండలపు పాత బోర్ల నీళ్లు దాన్ని దాటవచ్చు గనుక, అలాంటి నమూనాకు సమానంగా స్వేదనజలం కలిపి కొలిచి, వచ్చినదాన్ని రెట్టింపు చేయండి. సోడియం ఫ్లోరైడు విషం, స్పాడ్న్స్ ద్రావణంలో ఆమ్లం ఉంటుంది, ఈ రెండింటినీ మీ చేతులతోనే కలపండి, ఫ్లోరైడు ద్రావణాలను గాజు సీసాల్లో కాక ప్లాస్టిక్ సీసాల్లో నిలవ చేయండి. క్లోరిన్ కలిపిన నల్లా నీళ్లకు ఈ పరీక్ష తప్పు చూపుతుంది. పటిక కలిపిన నీళ్లకూ అంతే, నీటిలో మిగిలిన అల్యూమినియం వల్ల ఫ్లోరైడు తక్కువగా కనబడుతుంది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) 1970లలో రూపొందించిన, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుక్కి దించే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అన్న పేరే ప్రపంచమంతటా నిలిచిపోయింది. ప్రదర్శనకు వచ్చినవారిలో ఎవరైనా ఆ పద్ధతిలో శుద్ధిచేసిన నీళ్లు తెచ్చి మీ మీటరుతో కొలవమంటే ఈ చిక్కు ముందే చెప్పేలా పిల్లలను సిద్ధం చేయండి. పక్కనే గ్రామీణ నీటి సరఫరా ప్రయోగశాల వారి ఫలితాన్నీ, తమ మీటరు ఫలితాన్నీ కలిపి ఒక పట్టికగా పెడితే న్యాయనిర్ణేతలు అడగడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ప్రశ్న: గ్రంథాలయంలో పాఠకుల హాజరు నమోదుకు రాస్ప్‌బెర్రీ పై 4 పెట్టాం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ, సమయం తప్పుగా పడుతున్నాయి. మూడు నెలల్లో రెండుసార్లు మెమొరీ కార్డు చెడి అంతా మొదటి నుంచి ఎక్కించాల్సి వచ్చింది. తెర మీద అప్పుడప్పుడు చిన్న మెరుపు గుర్తు కనబడుతుంది. ఇన్వర్టరు కూడా ఉంది. బోర్డు మార్చాలా?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: బోర్డు మార్చనక్కరలేదు, ఛార్జరు మార్చండి. ఆ మెరుపు గుర్తు అలంకారం కాదు. బోర్డుకు అందే వోల్టేజీ 4.63కు దిగువకు పడినప్పుడు అది కనబడుతుంది. పై 4కు 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టరు కావాలి. పాత ఫోను ఛార్జరు మీద 5 వోల్టులని రాసి ఉన్నా, సన్నటి పొడవాటి కేబులులో కొంత పోతుంది. కేబులు నిరోధం మొత్తం 0.3 ఓమ్ ఉండి బోర్డు ఒకటిన్నర ఆంపియర్లు లాగితే, దారిలోనే 0.45 వోల్టులు తగ్గి బోర్డుకు 4.55 మాత్రమే చేరతాయి. కార్డు మీద రాస్తున్న క్షణంలో ఇలా జరిగితే ఆ రాత సగంలో తెగిపోతుంది.

ఇన్వర్టరు విషయానికి వస్తే, చాలా ఇళ్ల ఇన్వర్టర్లకు వెనక వైపు ఒక చిన్న స్విచ్చు ఉంటుంది, దాన్ని యూపీఎస్ వైపు పెట్టండి. రెండో వైపు ఉంటే లైను నుంచి బ్యాటరీకి మారడానికి పట్టే వ్యవధిలో ఫ్యానుకు ఏమీ కాదు గానీ బోర్డు ఆగి మళ్లీ మొదలవుతుంది. రాస్ప్‌బెర్రీ పై సెట్టింగులు మార్చే రాస్పీ-కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ అనే ఎంపిక ఉంది. అది ఆన్ చేస్తే కార్డు మీద ఏమీ రాయకుండా అంతా ర్యామ్‌లో నడుస్తుంది. అయితే హాజరు పట్టిక కూడా కరెంటు పోతే పోతుంది కనుక, దాన్ని ఒక యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ మీద విడిగా రాయించండి.

సమయం తప్పడానికి కారణం, పై 4 లోపల బ్యాటరీతో నడిచే గడియారం లేకపోవడం. (పై 5లో ఉంది, దానికీ బ్యాటరీ విడిగా కొనాలి.) నెట్టు అందితే అది సమయం సర్దుకుంటుంది, అందకపోతే చివరిసారి తాను గుర్తుపెట్టుకున్న సమయం నుంచే మొదలుపెడుతుంది. డీఎస్3231 గడియారం మాడ్యూల్ కొని పెట్టండి, ఏడాదికి నిమిషం అటూఇటూ తప్ప తేడా రాదు. దాన్ని 5 వోల్టుల పిన్నుకు కాక 3.3 వోల్టుల పిన్నుకే కలపాలి. 5కు కలిపితే రెండు డేటా తీగెల మీద కూడా 5 వోల్టులు వచ్చి బోర్డు పిన్నులు దెబ్బతింటాయి. అంతేకాక చవకరకం మాడ్యూళ్లలో రీఛార్జి సెల్లు కోసం పెట్టిన సర్క్యూటు ఉంటుంది, అది 5 వోల్టులతో మామూలు సీఆర్2032 సెల్లును ఛార్జి చేయబోతుంది. సెల్లు ఉబ్బి పగలవచ్చు.

ప్రశ్న: చిన్న ఓలెడ్ తెర మీద మా ఊరి పేరు తెలుగులో రాయాలని చూస్తే ఒత్తులు, గుడులు పక్కపక్కన విడిపోయి పడుతున్నాయి. ఫాంటు మార్చినా అంతే. ఏం చేయాలి?
– ఒక డిగ్రీ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: లోపం ఫాంటుది కాదు, అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేర్‌ది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం కంప్యూటరుకు ఆరు సంకేతాలు: స, విరామం (పొల్లు గుర్తు), త, విరామం, ర, దీర్ఘపు గుడి. వాటిని ఒకదాని కిందికి ఒకటి, పైకి ఒకటి సర్ది ఒక్క రూపంగా మలిచే పని హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీ (ముందే రాసిపెట్టిన ప్రోగ్రాంల కట్ట) చేస్తుంది. చిన్న తెరల కోసం రాసిన లైబ్రరీలు చాలావరకు ఆ పని ఎరుగవు, సంకేతాన్ని సంకేతంగా వరుసలో పెట్టుకుంటూ పోతాయి. ఇంగ్లీషుకు అది చాలు.

మీది రాస్ప్‌బెర్రీ పై అయితే, పైథాన్ పిల్లో లైబ్రరీలో లేఅవుట్ ఇంజిన్‌గా రాక్‌మ్‌ను ఎంచుకుని, నోటో సాన్స్ తెలుగు ఫాంటుతో ముందు వాక్యాన్ని బొమ్మగా గీయించి, ఆ బొమ్మను తెరకు పంపండి. పికో, ఈఎస్‌పి32 అయితే ల్యాప్‌టాప్‌లోనే బొమ్మలు తయారుచేసి బోర్డులో దాచుకోవడమే మేలు. 128 బై 64 చుక్కల తెర మొత్తం బొమ్మ 1024 బైట్లే కాబట్టి వంద బొమ్మలైనా ఇబ్బంది లేదు. ఇంగ్లీషు అక్షరానికి ఎనిమిది చుక్కల ఎత్తు సరిపోతుంది, తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు పట్టాలంటే ఇరవై నాలుగైనా కావాలి. ఆ తెర మీద రెండు వరుసలకు మించి ఆశించవద్దు. దుకాణాల ముందు ఎర్రగా పారే పీ10 ప్యానెల్ ఎత్తు 16 చుక్కలే. వాటి మీద తెలుగు చదవరానట్టు కనబడడానికి అదే కారణం, ఒకదాని మీద ఒకటి రెండు పేర్చితే చక్కగా వస్తుంది.

ప్రశ్న: చేను దగ్గర పెట్టెలో ఉంచిన ఈఎస్‌పి32 వానాకాలంలో రెండుసార్లు పాడైంది. తెరిచి చూస్తే చీమలు. నవ్వకండి.
– ఒక పాఠకుడు, నారాయణపేట

జవాబు: నవ్వడం లేదు, స్టార్టరు పెట్టెలు తెరిచిన ప్రతి ఎలక్ట్రీషియనూ ఈ మాట చెబుతాడు. చీమలకు వెచ్చగా, పొడిగా ఉన్న చోటు కావాలి, మీ పెట్టె వాటికి వానాకాలపు ఇల్లు. తీగెలు లోపలికి వచ్చే రంధ్రాలకు రబ్బరు వాషరుతో బిగించే కేబుల్ గ్లాండ్లు పెట్టండి, ఆ రంధ్రాలు పెట్టె అడుగు వైపే ఉండాలి, తీగె లోపలికి రాకముందే ఒకసారి కిందికి వంగి పైకి రావాలి, అప్పుడు వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. పూర్తిగా మూసేసిన పెట్టెలో పగటి వేడికి, రాత్రి చలికి లోపలే చెమ్మ పడుతుంది కనుక, అడుగున ఒక సన్నని రంధ్రం వదిలి దానికి సన్నటి స్టీలు జల్లెడ ముక్క అంటించండి. బోర్డును స్క్రూల మీద పెట్టె గోడకు ఒక అంగుళం ఎడంగా నిలబెట్టి, టంకం వేసిన వైపు సర్క్యూట్ల మీద పూసే కాన్ఫార్మల్ కోటింగు పలుచగా రెండు పూతలు వేయండి, యూఎస్‌బీ సాకెట్టు, సెన్సర్ కనెక్టర్లు మాత్రం టేపుతో మూసి వదిలేయాలి. కిరోసిన్ చల్లమని ఎవరైనా చెబితే వినవద్దు, రిలే ఉన్న పెట్టెలో నిప్పురవ్వ ఎప్పుడూ ఉంటుంది.